చిన్న మైదానమంటే చిన్నతనమా?

పాలకొల్లు దగ్గర ఒక ఊరి నుంచి 64 ఏళ్ళ విశ్రాంత ఉపాధ్యాయుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఆయన చెప్పిన సంగతులను కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన కొడుకు అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ క్రితం భార్యాభర్తలిద్దరూ వెళ్ళి నాలుగు నెలలు ఉండి వచ్చారు. కొడుక్కి గోల్ఫ్ అంటే ప్రాణం. అతని హ్యాండికాప్ 6, అంటే బాగా ఆడిన రోజున నిర్ణీత షాట్ల (దీన్నే పార్ అంటారు) కంటే ఆరేడు మాత్రమే ఎక్కువ తీసుకుని 18 హోల్స్ ముగించగలడు. సాధన చేసే చోటికి తీసుకెళ్ళి తండ్రికి కూడా క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) పట్టుకోవడం నేర్పాడు. ఈయనకు ఆట నచ్చింది. మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం కొడుకు తన ఇద్దరు స్నేహితులతో పాటు ఆయన్నూ 18 హోల్స్ మైదానానికి తీసుకెళ్ళాడు. ఆయనకు ఒక్కో హోల్‌కు తొమ్మిదేసి, పదేసి షాట్లు పట్టాయి. ఏడో హోల్ దగ్గర జరిగింది ఆయన మాటల్లోనే: "'నాన్నా, ఇక ఆ బంతి తీసేయండి, వెనక వాళ్ళు ఎదురుచూస్తున్నారు' అన్నాడు. కసురుకోలేదు. నెమ్మదిగానే అన్నాడు. కానీ స్నేహితులిద్దరూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు. 34 ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. లెక్క రాని పిల్లవాణ్ణి బోర్డు దగ్గర నుంచి 'పోయి కూర్చో' అని పంపినట్టనిపించింది." నడుం నొప్పి అని చెప్పి మిగతా హోల్స్ బండిలోనే కూర్చున్నారు. లేని ఆ నొప్పిని ఇప్పటికీ ఫోనులో చెబుతూనే ఉన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు కొడుకు తన పాత క్లబ్బులు మూడు ఇచ్చాడు: దూరం కొట్టడానికి ఒక 7 ఐరన్, దగ్గరి నుంచి ఎత్తి వేయడానికి ఒక వెడ్జ్, గుంతలోకి దొర్లించడానికి ఒక పట్టర్. రెండేళ్ళుగా ఆయన తెల్లవారుజామున కొబ్బరితోటలో ఒక్కరే సాధన చేస్తున్నారు. ఏడో చెట్టును గురిపెట్టి వెడ్జ్‌తో కొడతారు. పది బంతుల్లో నాలుగైదు ఆ చెట్టుకూ పక్క చెట్లకూ మధ్యే పడుతున్నాయి. 7 ఐరన్‌తో వంద గజాల దాకా వెళుతుంది. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ నర్సాపురం లేసు అల్లుతారు. ఒకనాడు అల్లిక పక్కనపెట్టి పట్టర్ అందుకుని, కొబ్బరికాయలు పోసే సిమెంటు నేల మీద అడ్డంగా పడుకోబెట్టిన స్టీలు గ్లాసులోకి మూడుసార్లు వరుసగా బంతిని దొర్లించారట. "ఈసారి నన్నూ ఆడనివ్వండి" అంటున్నారట.

వచ్చే జూన్‌లో మళ్ళీ వెళుతున్నారు. కొడుకు నాలుగు మైదానాల వివరాలు పంపి, "మీరే ఎంచుకోండి నాన్నా, అందరం ఆడదాం" అన్నాడు. అందరూ అంటే కొడుకు, మధ్యస్థంగా ఆడే కోడలు, ఏడాదిగా నేర్చుకుంటున్న తొమ్మిదేళ్ళ మనవడు, ఈయన, ఈయన భార్య. మొదటిది మామూలు 18 హోల్స్ మైదానం. మొత్తం పొడవు 6,600 గజాలు, ముందు టీల (మొదటి షాట్ కొట్టే చోట్ల) నుంచి ఆడితే 4,900. రెండోది ఎగ్జిక్యూటివ్ కోర్సు అనే పొట్టి మైదానం. 9 హోల్స్, అందులో ఆరు పార్ 3 (మూడు షాట్లలో ముగించాల్సినవి), మూడు పార్ 4, మొత్తం 1,900 గజాలు. మూడోది పైన్‌హర్స్ట్‌లో ఉన్న క్రేడిల్ అనే పార్ 3 మైదానం. నాలుగోది ఊరి పార్కులో ఉన్న పిచ్ అండ్ పట్. 9 హోల్స్‌లో ఏదీ 75 గజాలు దాటదు. "చిన్నది ఎంచుకుంటే చేతకాదని ఒప్పుకున్నట్టు. పెద్దది ఎంచుకుంటే మళ్ళీ అదే అవమానం. అసలు వెళ్ళనంటే ఈ నడుం నొప్పిని ఎంతకాలం మోయాలి? చిన్న మైదానాల్లో ఆడేది నిజంగా గోల్ఫేనా?" అని అడిగారు.

మాస్టారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండేళ్ళుగా చీకటితో లేచి, ఏడో చెట్టు మీద గురి పెడుతున్నవారు ఆట వదిలేసినవారు కాదు. అందుకని "వెళ్ళాలా, మానాలా" అన్న ప్రశ్నను నేను పట్టించుకోవడం లేదు. మీకు ఆడాలని ఉంది. ఎక్కడ, ఎలా అన్నదే తేలాలి.

ముందు ఆ ఆదివారం సంగతి చూద్దాం. మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే చెబుతాను. 6,600 గజాలను 18తో భాగిస్తే ఒక్కో హోల్ సగటున 366 గజాలు. అప్పటికి మీ బంతి బాగా తగిలినప్పుడు ఎనభయ్యో తొంభయ్యో గజాలు వెళ్ళి ఉంటుంది. ఒక్కటీ తప్పకుండా కొట్టినా గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) చేరడానికి నాలుగైదు షాట్లు కావాలి. ఆపైన గుంతలో వేయడానికి రెండో మూడో. మూడు వారాల కిందట క్లబ్బు పట్టినవారికి ఒకటి రెండు గురి తప్పడం సహజం. మొత్తం తొమ్మిది. మీరు చేతకాక తొమ్మిది కొట్టలేదు, ఆ పొడవుకు ఆ రోజు మీ చేతిలో ఉన్న జవాబే తొమ్మిది. అదే మనిషిని 70 గజాల హోల్ దగ్గర నిలబెట్టి ఉంటే నాలుగో ఐదో అయ్యేది, ఎవరూ మొహం తిప్పుకునేవారు కాదు.

రెండో సంగతి, గడియారం. పెద్ద మైదానాల్లో ఎనిమిది, పది నిమిషాలకొక జట్టును వదులుతారు. ఒక జట్టు ఆగితే వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. మీ అబ్బాయి నోట ఆ మాట రావడానికి కారణం వెనక నిలబడ్డవారి చూపులు. అతను కూడా ఆ రోజు ఇబ్బందిలోనే ఉన్నాడు. నేను అతన్ని వెనకేసుకు రావడం లేదు. మూడు వారాల అనుభవంతో ఉన్న తండ్రిని ఆదివారం రద్దీలో, స్నేహితుల మధ్య, అంత పొడవైన చోటికి తీసుకెళ్ళడం అతని పొరపాటు. మాట నెమ్మదిగా అన్నాడు గానీ, చోటు తప్పు ఎంచుకున్నాడు.

ఇక మీ చివరి ప్రశ్న. చిన్న మైదానాల్లో ఆడేది నిజంగా గోల్ఫే. ఏటా ఏప్రిల్‌లో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో మాస్టర్స్ పోటీ జరుగుతుంది. ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళు అక్కడికి వస్తారు. ఆ ఆవరణలోనే 1958లో కట్టిన 9 హోల్స్ పార్ 3 మైదానం ఉంది, పొడవు 1,060 గజాలే. అసలు పోటీకి ముందురోజు, బుధవారం నాడు, అక్కడ పార్ 3 పోటీ పెట్టడం 1960లో మొదలైంది. ఆటగాళ్ళ పిల్లలు, భార్యలు తెల్లటి దుస్తులు వేసుకుని సంచులు మోస్తారు, మధ్యలో ఒక పట్ (గుంతలోకి దొర్లించే షాట్) తామూ కొడతారు. ఆ మైదానం పార్ 27. 2016లో జిమ్మీ వాకర్ అనే ఆటగాడు దాన్ని 19 షాట్లలో ముగించాడు. మాస్టర్స్ ఆడేవారికి చిన్నతనం కానిది మనకెందుకు అవుతుంది? ఇంకో సంగతి. ప్రపంచమంతటికీ ఒకే హ్యాండికాప్ పద్ధతి 2020లో వచ్చింది. 2024 సవరణతో, 9 హోల్స్ కలిపి 750 గజాలున్న మైదానానికి కూడా రేటింగ్ (కష్టాన్ని కొలిచే అంకె) ఇవ్వవచ్చని నిబంధన పెట్టారు. ఆటను నడిపే సంస్థలే చిన్న మైదానాన్ని లెక్కలోకి తీసుకున్నాయి.

అయితే చిన్న మైదానాలన్నీ ఒకటి కావు. మీ గందరగోళంలో సగం ఇక్కడే ఉంది. మీ తోట కొలతతోనే చూద్దాం. చెట్టుకూ చెట్టుకూ మధ్య పాతిక అడుగులు అనుకుంటే, పన్నెండు చెట్ల దూరం సరిగ్గా వంద గజాలు. పార్కులోని పిచ్ అండ్ పట్‌లో అతి పెద్ద హోల్ 75 గజాలు, అంటే తొమ్మిది చెట్లు. క్రేడిల్‌లో అతి చిన్నది 56 గజాలు, అంటే మీ ఏడో చెట్టు లోపే. అతి పెద్దది 127, పదిహేను చెట్లు. ఎగ్జిక్యూటివ్ కోర్సులో మూడు పార్ 4లు కలిపి 900 గజాలు అని రాశారు కదా, మిగిలిన వెయ్యి గజాలను ఆరు పార్ 3లకు పంచితే ఒక్కోటి సగటున 167, అంటే ఇరవై చెట్లు. 300 గజాల పార్ 4 అంటే ముప్పై ఆరు చెట్లు. ఇప్పుడు మళ్ళీ చూడండి. పిచ్ అండ్ పట్, క్రేడిల్ మీ చేతికి అందేవి, ఎగ్జిక్యూటివ్ కోర్సు మీ అబ్బాయి చేతికి నప్పేది. పేరులో మాత్రం మూడూ చిన్న మైదానాలే.

ఎగ్జిక్యూటివ్ కోర్సు గురించి ముందు హెచ్చరించాలి. సరిగా చూడకపోతే మోసపోయేది ఇక్కడే. 9 హోల్సే కదా, సులువుగా ఉంటుందని అనుకుంటాం. కానీ కొత్తవారికి 300 గజాల నేరు పార్ 4 కంటే, మధ్యలో చెరువున్న 170 గజాల పార్ 3 కష్టం. పార్ 4లో బంతి నేల మీద దొర్లుతూ ముందుకు పోవచ్చు. చెరువు మీదుగా అయితే గాల్లో లేవాల్సిందే, లేవకపోతే నీళ్ళపాలు. మీ ఆవిడకూ మనవడికీ అక్కడ ఏడుపే మిగులుతుంది. మీ కోడలికి మాత్రం ఇది చక్కటి చోటు. ఆమె లాంటి మధ్యస్థులకు పార్ 3లతో విసుగు వస్తుంది, పెద్ద మైదానం అలసట. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) తీసి కొట్టడానికి మూడు హోల్స్ ఉంటే చాలు, ఉత్సాహంగా ఉంటారు. అందువల్ల దీన్ని అందరి జాబితాలోంచి తీసి, కొడుకూ కోడలూ ఒక పూట ఇద్దరే వెళ్ళేందుకు వదిలేయడం ఒక దారి. మనవణ్ణి మీ దగ్గర వదిలి వెళితే ముగ్గురికీ మంచిది. అందరూ కలిసే వెళ్ళాలనుకుంటే మీరు ముగ్గురూ టీ దగ్గర కాకుండా, గ్రీన్‌కు 70 గజాల దూరం నుంచి మొదలుపెట్టండి. రద్దీ లేని వేళ అయితే ఎవరూ కాదనరు. కాకపోతే మధ్యలో ఎక్కినవాళ్ళమన్న భావన మీకు కలగవచ్చు, ఆ గాయం మీకింకా పచ్చిగానే ఉంది.

పార్కులోని పిచ్ అండ్ పట్ అన్నిటికంటే సౌమ్యమైనది. ఐర్లండ్ లాంటి దేశాల్లో దీనికి ప్రత్యేకంగా సంఘాలు, పోటీలు ఉన్నాయి. అంతర్జాతీయ పోటీల నియమం ప్రకారం ఏ హోల్ కూడా 90 మీటర్లు దాటకూడదు, ఆటగాడి దగ్గర క్లబ్బులు మూడుకు మించకూడదు. అంటే మీ అబ్బాయి మీకిచ్చిన మూడు క్లబ్బులతోనే ఒక ఆట పూర్తవుతుంది! గంటా గంటన్నరలో అయిపోతుంది. పొరపాటు జరిగినా బంతి ఎక్కువ దూరం తప్పిపోదు. ఇబ్బంది ఏమిటంటే, ఇలాంటి చోట్ల గ్రీన్‌లు సాధారణంగా చదునుగా, గడ్డి కాస్త బరకగా ఉంటాయి. రెండోసారికే మీ అబ్బాయికి కొత్తదనం పోతుంది. అది మొహంలో కనిపిస్తే, మీ కోసం తగ్గి ఆడుతున్నాడని మీరు మళ్ళీ ముడుచుకుంటారు.

క్రేడిల్ సంగతి వేరు. దీని దగ్గర కాస్త ఆగుతాను. పైన్‌హర్స్ట్ అనేది అమెరికా గోల్ఫ్‌కు పుణ్యక్షేత్రం లాంటి ఊరు. అక్కడి రెండో నంబరు మైదానాన్ని డోనల్డ్ రాస్ 1907లో పూర్తిచేశాడు. 1999, 2005, 2014, 2024 సంవత్సరాల్లో యుఎస్ ఓపెన్ అక్కడే జరిగింది. ఆ ఆవరణలోనే 2017లో గిల్ హాన్స్ రూపొందించిన ఈ చిన్న మైదానం తెరిచారు. 9 హోల్స్ కలిపి 789 గజాలు. సగటు 88 గజాలకు లోపు. దీన్ని కట్టింది కొత్తవారి కోసం మాత్రమే కాదు, దీని మంచితనం అందులోనే ఉంది. దూరం చిన్నది, గ్రీన్ మాత్రం తేలికైనది కాదు. గట్లు, పల్లాలు, వాలులు ఉంటాయి. ఎక్కడ పడితే ఎటు దొర్లుతుందో ఆలోచించి కొట్టాలి. మీ అబ్బాయి లాంటివాడు జెండాకు ఆరడుగుల్లో వేయాలని పంతం పడతాడు. మీరు గ్రీన్ మీద పడితే చాలనుకుంటారు. ఒకే హోల్‌లో ఇద్దరికీ పని ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేశానని రాశారు. ఒకే గది, ఒకే బోర్డు, ఐదు తరగతులు. అదే లెక్కను ఒకటో తరగతి పిల్లవాడికి కూడికగా, ఐదో తరగతి వాడికి భిన్నాల లెక్కగా మార్చి చెప్పి ఉంటారు. మంచి చిన్న మైదానం చేసే పని అదే. ఎగ్జిక్యూటివ్ కోర్సు ఐదో తరగతి లెక్క ఒక్కటే రాసి పెడుతుంది, పార్కులోది ఒకటో తరగతి దగ్గరే ఆగుతుంది.

దీని వెనక ఒక కారణం ఉంది. మామూలు మైదానం పార్ 72లో, హోల్‌కు రెండు చొప్పున 36 పట్‌లకు కేటాయించినవి. అంటే సగం. పార్ 27 మైదానంలో 18 పట్‌లకే పోతాయి. అంటే మూడింట రెండు వంతులు. వయసు, బలం, పొడవు తేడా తెచ్చేది మొదటి షాట్లలో. పట్టింగ్‌లో బలంతో పని లేదు. లేసు అల్లేవారి చేతికి దారం ఎంత బిగించాలో, ఎంత వదలాలో కంటికంటే ముందు తెలుస్తుంది. బంతి పది అడుగులు దొర్లాలంటే పట్టర్‌ను ఎంత కదపాలన్నది అలాంటి తెలివే. స్టీలు గ్లాసులో మూడుసార్లు వేసిన చేతిని నేను తక్కువగా చూడను. పైన్‌హర్స్ట్‌లోనే థిస్టిల్ డూ అనే 18 హోల్స్ పట్టింగ్ మైదానం కూడా ఉంది, అక్కడ పట్టర్ ఒక్కటే చాలు. మీ ఆవిడ ఆట అక్కడ మొదలుపెడితే, మీ అబ్బాయి గెలుస్తాడని నేను పందెం కట్టను.

హ్యాండికాప్ లెక్క కూడా ఇదే చెబుతుంది. రేటింగ్ పొందిన ప్రతి మైదానానికి స్లోప్ రేటింగ్ అని ఒక అంకె ఉంటుంది. 55 నుంచి 155 దాకా, మధ్యస్థం 113. కొత్తవారికి మైదానం ఎంత ఎక్కువ కష్టమో అది చెబుతుంది. హ్యాండికాప్‌ను ఆ అంకెతో గుణించి 113తో భాగిస్తే ఆ మైదానంలో మీకు వచ్చే వెసులుబాటు తెలుస్తుంది. ఇంకో చిన్న సవరణ ఉంది, దాన్ని పక్కన పెడుతున్నాను. హ్యాండికాప్ గరిష్ఠంగా 54 ఇస్తారు. మీకు 40 అనుకుందాం. స్లోప్ 130 ఉన్న పెద్ద మైదానంలో మీకు 46 షాట్లు, అబ్బాయికి 7. తేడా 39. స్లోప్ 80 ఉన్న పొట్టి మైదానం అనుకుంటే మీకు 28, అతనికి 4. తేడా 24. అందులో 9 హోల్సే ఆడితే 12. మధ్యలో ఉన్న గోడ ఎత్తు మూడో వంతుకు దిగింది. పన్నెండు షాట్ల తేడాతో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ నడవగలరు.

క్రేడిల్ ఎంచుకుంటే ఎదురయ్యేవి కూడా చెప్పాలి. మీ అబ్బాయి ఉండే చోటు నుంచి గంటకు పైగా కారు ప్రయాణం అని రాశారు. పేరున్న చోటు కాబట్టి ముందే వేళ అడిగి పెట్టుకోవాలి. ఇలాంటి చోట్ల ఎక్కువగా నడిచే ఆడతారు, మీ ఆవిడ మోకాళ్ళ సంగతి చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, నేల. పైన్‌హర్స్ట్ ఇసుక నేలల ప్రాంతం. మీ తోటలోని నల్లరేగడిలో వాన పడిన మర్నాడు బంతి పడ్డచోటే కూరుకుపోతుంది. అక్కడ నీరు నిలవదు, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడి లేచి దొర్లుతుంది. అంతర్వేది వైపు ఇసుక నేలకూ మీ ఊరి పొలానికీ ఉన్నంత తేడా. ఏడో చెట్టు దగ్గర ఆపాలంటే ఆరో చెట్టు దగ్గర పడేట్టు కొట్టాలి. ఇది తెలియక మొదటి మూడు హోల్స్‌లో బంతి గ్రీన్ దాటిపోతే కంగారు పడకండి.

ఒక మాట మీ చెవిన వేయాలి. 60 గజాల నుంచి పదింటిలో నాలుగైదు పాతిక అడుగుల లోపు పడుతున్నాయంటే, అది ఏ గురువూ దగ్గర లేకుండా సాధించినది. మామూలు గ్రీన్ ఐదారు వేల చదరపు అడుగులు ఉంటుంది. మీ ఏడో చెట్టు జెండా అయితే ఆ నాలుగైదూ గ్రీన్ మీదే. ఈ సంగతి మీ అబ్బాయికి తెలియదు.

పెద్ద మైదానాన్ని నేను పూర్తిగా కొట్టివేయను. 4,900 గజాల ముందు టీల నుంచి అయినా హోల్ సగటు 272 గజాలు, మీకు గ్రీన్ చేరడానికి మూడు షాట్లు. 18 హోల్స్ అంటే నాలుగు గంటలకు పైనే, జూన్ ఎండలో. యాత్ర చివర్లో, పని రోజు సాయంత్రం వెనక ఎవరూ లేని వేళ, మీరూ అబ్బాయీ ఇద్దరే, ఆఖరి నాలుగైదు హోల్స్ ఆడి చూడవచ్చు. మొదటి వారంలోనే వెళితే ఆ ఏడో హోల్ మళ్ళీ కళ్ళముందు నిలుస్తుంది.

నన్నడిగితే మొగ్గు ఇటు: విమాన ప్రయాణం అలసట తీరాక ఒక సాయంత్రం పార్కుకు మీరూ అబ్బాయీ మాత్రమే వెళ్ళండి. తర్వాత ఒక రోజంతా పైన్‌హర్స్ట్‌కు అందరూ. అయితే మీ ఇంట్లో దూరప్రయాణం పడనివారుంటే పార్కులోనే మూడు నాలుగుసార్లు ఆడి, ప్రతిసారీ ఆట పద్ధతి మార్చుకోవచ్చు. అదీ తక్కువేమీ కాదు.

పద్ధతి అన్నాను కదా, ఎక్కడ ఆడాలన్నదాని తర్వాత ఎలా లెక్కపెట్టాలన్నది కూడా అంతే ముఖ్యం. షాట్లన్నీ కూడితే మీ అబ్బాయికి 30, మీకు 42 వస్తుంది, ఆ కాగితం చూసి ఎవరికీ సంతోషం ఉండదు. స్టేబుల్‌ఫోర్డ్ అని ఒక పద్ధతి ఉంది. ఆ పేరుగల డాక్టరు ఒకాయన తయారుచేయగా, 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో పోటీ పెట్టారు. ప్రతి హోల్‌కు మార్కులు. వెసులుబాటు తీసేశాక పార్ వస్తే రెండు, ఒకటి ఎక్కువైతే ఒకటి, రెండు ఎక్కువైతే సున్నా. సున్నా ఖాయమైనవారు బంతి తీసి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కు నడుస్తారు. గమనించారా? మీకు ముల్లులా గుచ్చుకున్న ఆ పని ఇక్కడ ఆటలో భాగం. ఎవరూ చెప్పనక్కర లేదు, ఎంత గొప్పవారైనా తీసేస్తారు. ఆ ఆదివారం మొదటి హోల్‌కు ముందే ఇలా అనుకుని ఉంటే మీకు రెండేళ్ళ బాధ తప్పేది.

ఇంకోటి స్క్రాంబుల్. జట్టులో అందరూ కొట్టి, వాటిలో మంచి బంతి ఎక్కడ పడిందో అక్కడి నుంచే మళ్ళీ అందరూ కొడతారు. అబ్బాయి మొదటి షాట్, మీ ఆవిడ పట్ కలిస్తే ఒక బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ) రావచ్చు. మనవడికి ఇది బాగా నచ్చుతుంది. కోడలికి మాత్రం సొంత ఆట మిగలదు, ఆమెను అడిగి ఒప్పుకుంటేనే ఆడండి. మీరు ఐదుగురు. చాలా మైదానాల్లో జట్టుకు నలుగురినే అనుమతిస్తారు. ముందుగా ఫోను చేసి అడగాలి. ఒప్పుకోకపోతే ఒకరు ఆడకుండా నడవాలి. ఆ ఒకరు మీరు కావద్దు. ఒక విడత మీ అబ్బాయిని మీ సంచి మోయమనండి. వెడ్జ్ ఇవ్వనా, ఐరన్ ఇవ్వనా అని అతను అడుగుతూ మీ పక్కన నడిస్తే, ఇద్దరికీ ఆ ఏడో హోల్ బరువు కొంత దిగుతుంది.

కానీ మైదానం ఎంత బాగా ఎంచుకున్నా ఆ మాట మీ ఇద్దరి మధ్య అలాగే ఉంటుంది. దాని గురించి మీకు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా వెళ్ళి ఆడటం ఒకటి. ఆట బాగా సాగితే గాయం దానంతటదే మానవచ్చు, సాగకపోతే నడుం నొప్పి తిరిగొస్తుంది. మీ ఆవిడ చేత చెప్పించడం రెండోది. మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది ఇదే. తేలికే గానీ, తల్లి నోట విన్న కొడుకు తప్పు చేశానన్న భారంతో మీ దగ్గర మరీ మెత్తగా ఉంటాడు, ఆ మెత్తదనం మీకు ఇంకా కష్టంగా ఉంటుంది. మూడోది మీరే చెప్పడం. అతను ఆ రోజును బహుశా మరిచిపోయి ఉంటాడు. "ఎప్పుడు నాన్నా?" అంటే బాధపడకండి. ఆదివారం వీడియో ఫోనులో అందరి ముందు కాకుండా, అతను ఒక్కడే ఆఫీసుకు వెళుతున్న వేళ చూసి, ఇంత చాలు: "ఆ రోజు నువ్వు బంతి తీసేయమంటే నాకు చిన్నతనంగా అనిపించింది రా. నీ తప్పని అనడం లేదు. నడుం నొప్పి లేదు. నాకీ ఆట ఇష్టం, రోజూ తోటలో కొడుతున్నాను. ఈసారి నాకు అందే చోట మొదలుపెడదాం." నేను మీ స్థానంలో ఉంటే ఇదే చేస్తాను. అయితే మీ ఇద్దరి అలవాట్లు మీకు తెలుసు, మాటల్లో కుదరదనుకుంటే ఉత్తరం రాయండి. మీరు బాగా రాస్తారు.

బయలుదేరే లోపు సాధన ఎలాగో మానరు. రెండు జాగ్రత్తలు మాత్రం పాటించండి. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు లోపే అయినా రాయిలా గట్టిది. కొబ్బరి మానుకు తగిలితే ఎటు తిరిగి వస్తుందో చెప్పలేం. దింపు జరిగే రోజుల్లో, తోటలో మనుషులున్నప్పుడు వద్దు, కాలువగట్టు వైపు అసలు కొట్టవద్దు. దాళ్వా కోతలు అయిపోయాక ఖాళీ పొలం దొరుకుతుంది కదా, 7 ఐరన్‌కు అదే మంచి చోటు. వెడ్జ్‌కు నాలుగు, ఆరు, ఎనిమిదో చెట్ల దూరాలు మూడూ మార్చి మార్చి కొట్టండి. రోజూ ఏడో చెట్టే అయితే చేతికి ఒకే దూరం అలవాటవుతుంది. సాయంత్రం సిమెంటు నేల మీద అరగంట మీ ఆవిడతో పట్టింగ్ ఆడండి, గ్లాసును మరో నాలుగడుగులు వెనక్కి జరిపి.

క్లబ్బులను విమానంలో చేతిసంచితో పాటు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. పెద్ద సామానులో వేయాలి. వెడ్జ్, పట్టర్ తలలకు పాత తువ్వాలు చుట్టి, బట్టల మధ్య పెట్టండి. మిగతావి అక్కడ అబ్బాయి దగ్గర దొరుకుతాయి, మీ చేతికి అలవాటైన ఆ రెండూ మాత్రం మీతోనే వెళ్ళాలి.